అంట్లు తోమేవారి సాక్ష్యం

1966లో మక్తల్ హైస్కూల్లో ఎనిమిదో తరగతికి బోర్డు మీద తేదీ రాస్తుంటే దగ్గు వచ్చింది. చేతిరుమాలు ఎర్రగా కనిపించింది. సుద్దముక్క రంగై ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. నా చేతిలో ఉన్నది తెల్ల సుద్దముక్క.

మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టరుగారు ఎక్స్‌రేను కిటికీ వెలుగుకు పట్టి చూశారు. "ఊపిరితిత్తి అప్పర్ లోబ్‌లో ప్యాచ్ ఉంది మాస్టారూ. టీబీ. ఏడాదిన్నర కోర్సు. కఫం పరీక్షలో స్పుటమ్ నెగెటివ్ వచ్చేదాకా పాపను దగ్గరికి రానియ్యొద్దు."

మా రెండేళ్ల పాప హాలియాలో అమ్మమ్మ దగ్గరికి వెళ్లింది. నా గ్లాసు, కంచం వేరయ్యాయి. నా భార్య అనసూయ వాటిని విడిగా వేడినీళ్లతో తోమేది.

స్ట్రెప్టోమైసిన్ సూదులు, ఐసోనియాజిడ్ మాత్రలు, నీళ్లలో కలుపుకొని తాగే పీఏఎస్ పొడి. పైగా బెడ్ రెస్ట్. పండుకోవడం ఇంత కష్టమైన పనని అంతవరకు తెలియదు. కాళ్లు ఒకచోట ఉండేవి కావు. ఇంటి దూలాలు లెక్కపెట్టేవాణ్ణి; రోజూ అన్నే ఉండేవి. చివరికి హైదరాబాదు స్నేహితుడొకడు ఫుట్‌పాత్ మీద కొన్న ఇంగ్లీషు హత్యల నవలలు పంపాడు. టీబీ మనిషికిచ్చిన పుస్తకాన్ని ఎవరూ తిరిగి అడగరు. ఈ జబ్బులో నాకు కలిగిన లాభం ఇదొక్కటే.

అన్నింట్లో ఒకటే తంతు. ఊరవతల పెద్ద బంగ్లా, విందుకొచ్చిన చుట్టాలు, పుస్తకాల గదిలో శవం. హంతకుడు ఇంట్లోనే ఉంటాడు. గడపలో బియ్యం ఏరుకునే అనసూయకు ఆ కథలు చెప్పేవాణ్ణి.

"గా బంగ్లల పనోళ్లెందరు?" అంది ఒకరోజు.

"పన్నెండుమంది."

"మరి అంట్లు తోమేటామెను ఒక్కరన్న అడగరేంది? ఎవలు తిన్నరో, ఎవలు తినలేదో ఆమెకే గద ఎరుక!"

"ఆమెను ఎవరూ లెక్కచేయరు."

"గసొంటి పోలీసులకు జీతాలెవలిస్తున్నరో!"

ఐదో నెలకు దగ్గు తగ్గింది, ఒళ్లు చేసింది. పీఏఎస్ మాత్రం కడుపులో తిప్పడం మానలేదు. దాన్ని పొట్లంతో సహా కిటికీ అవతల పారేయడం మొదలుపెట్టాను. ఏ నవలనూ చివరి పేజీ చదవకుండా వదలని నేను, మందును సగంలో వదిలాను. రెండు నెలలకు మళ్లీ రుమాలు ఎర్రబడింది.

"మందులన్నీ తీసుకుంటున్నారా?" అన్నారు డాక్టరు.

"ఒక్కటీ తప్పలేదు సార్."

"అయితే రెసిస్టెన్స్ అయివుంటుంది, మందుకు క్రిములు లొంగడం లేదు. సర్జరీకి హైదరాబాదు రాయాలి. పక్కటెముకలు తీయాల్సి రావచ్చు."

నేను తల వంచుకుని చొక్కా గుండీలు పెట్టుకోసాగాను. అనసూయ ముందుకొచ్చింది.

"సారూ, పొడి తాగిననాడు గ్లాసు అడుగున తెల్లగ పట్టేది, గోకితె గాని పోకపోయేది. రెండు నెలల సంది గ్లాసుకు ఏం అంటుత లేదు. మీరే బంద్ చేసిన్రనుకున్న. గిప్పుడెరుకైంది."

డాక్టరు నావైపు చూశారు. నవలల్లో ఇక్కడ దోషి లేచి పరుగెడతాడు. నాకు ఆయాసం. ఒప్పుకున్నాను.

కోర్సు మళ్లీ మొదటి నుంచి. పాపను ఇంకో ఏడాది దూరం పెట్టింది నేనే. దీన్ని నవ్వుతూ చెప్పే పద్ధతి నాకింకా దొరకలేదు. అప్పటినుంచి అనసూయ ఎదురుగా నిలబడేది. "తాగిన్రా? గ్లాసు ఇటియ్యున్రి."

స్పుటమ్ నెగెటివ్ వచ్చాక పాప ఇంటికి వచ్చింది. నన్ను చూసి తల్లి వెనక దాక్కుని, "ఈయనెవలమ్మా?" అంది.

ఇప్పుడు మళ్లీ పాఠాలు చెబుతున్నాను. మీకు చెప్పగలిగింది ఒక్కటే: దగ్గు ఆగినా మందు ఆపకండి, ప్రతి మోతాదూ ఇంట్లో ఒకరి కళ్లముందు తీసుకోండి. మీ గ్లాసు తోమేవారైతే మరీ మంచిది.

మా ఇంట్లో వేరు గ్లాసు లేదు. పొద్దున పాప నేను తాగి పెట్టిన గ్లాసులోనే నీళ్లు తాగి బడికి పోయింది.