మాయ వచ్చిందట!

మెట్టుగూడలో నేను అద్దెకుంటున్న ఇంటి ఆంటీకి మాయ పేరెత్తితే ఒళ్ళుమంట. ప్రసూతి ఆసుపత్రి ఆయా ఫోన్ చేసి "మేడం, మాయ వచ్చింది" అనడం, నేను తింటున్న కంచం వదిలేసి ఐస్‌పెట్టెతో పరుగెత్తడం ఆవిడ రెండేళ్ళుగా చూస్తోంది. లైటు ఆర్పలేదని, గేటు వెయ్యలేదని ఎలాగూ రోజూ కడిగేస్తుంది. ఆవేళ దీనికీ పట్టుకుంది.

"ఎవరే ఆ మాయ? పిలిస్తే ఉరుకుతవ్! ఒక్కసారి ఇంటికి తోల్కరా, నేనే మాట్లాడ్త."

నవ్వి నవ్వి గోడకి జారబడ్డాను. "మనిషి కాదు ఆంటీ! కాన్పులో బిడ్డ వెనకాలే వచ్చే మాయ. తల్లిని అడిగే తెచ్చుకుంటాను."

"తౌబా!" అని చెంపలేసుకుని, నాకన్నా గట్టిగా నవ్వింది.

నవ్వానేగాని, ఆ మాయతోనే నా తిప్పలన్నీ. మా ల్యాబులో మాయ కణాలను పళ్ళెంలో పెంచుతాను; అది కుదరడానికే ఇన్నాళ్ళు పట్టింది. రక్తంలో మనల్ని జబ్బుల నుంచి కాపాడే కణాలకు ఆకుపచ్చ రంగు పట్టించి వాటిమీద పోస్తాను. గంటాగి కడిగితే, అతుక్కున్నవే మిగలాలి. రెండుసార్లు కడిగాను, రెండుసార్లూ ఒక్కటీ మిగల్లేదు. మూడోసారీ ఇంతే అయితే పని ఆపేద్దామన్నారు నా పరిశోధన చూసే సారు. అంటే ఫెలోషిప్ బంద్, గది ఖాళీ, నేను మా ఊరికి, కాకినాడ రైల్లో.

ఆంటీ అంతా విని, "ఎట్ల కడుగుతున్నవ్?" అంది. చేత్తో చూపించాను.

"హాయ్ అల్లా! గట్ల గుమ్మరిస్తే నా బాస్మతి సుత విరుగుతది!" బిర్యానీకి నానబెట్టిన బియ్యం ముందుకు లాగి, గిన్నె అంచు మీంచి నీళ్ళు సన్నగా జారవిడిచింది. "అంచుకు పొయ్యాలె బిడ్డా. జెర నిమ్మళంగ." ఒక్క గింజ కదల్లేదు.

మర్నాడు నేనూ అంచుకే పోశాను. మైక్రోస్కోపులో చూద్దును కదా, దేవుడా, ఆకుపచ్చ చుక్కలు! మాయ కణాలను పట్టుకుని వదిలితేనా! లెక్కపెడుతుంటే నవ్వాగక మూడుసార్లు లెక్క తప్పాను. సారు కూడా చూశారు. "ఇంక ఆపకమ్మా, కానివ్వు" అన్నారు.

గేటు దగ్గర్నుంచే అరిచాను. "అతుక్కున్నాయి ఆంటీ!"

"కడిగినా పోలేదా?"

"పోలేదు!"

ఆంటీ నా చెవి పట్టి దగ్గరికి లాక్కుంది. "గదేమన్న కొత్తనా? రెండేండ్ల సంది నిన్ను సుత కడుగుతనే ఉన్న. నువ్వు పోయినవా?"