ఆదివారం సెలవు కాదన్నందుకు

ఆ రోజుల్లో నాకు కోడింగ్ కన్నా మొండితనమే బాగా వచ్చేది. (ఇప్పటికీ అంతేనని మా ఆయన అంటారు. ఆయన్ని ఎవరూ అడగలేదు.) జనగామలో కోడింగ్ కోచింగ్‌లో చేరిన మూడో వారం మాకు ఈనమ్ పడింది. అంటే ముందే ఖాయం చేసిన పేర్ల జాబితా. సోమ నుంచి ఆది దాకా ఏడు రోజులు రాసి, ఏ రోజు సెలవో చెప్పే మెథడ్, అంటే అడిగితే జవాబిచ్చే చిన్న కోడ్ ముక్క, రాయాలి. సాయంత్రం ఐదింటికల్లా జవాబులన్నీ సరేనని తెర మీద పచ్చరంగు రాకపోతే కోర్సు మళ్లీ మొదటినుంచి. నాయిన నాకిచ్చిన గడువేమో ఆ ఒక్క బ్యాచే. తప్పితే పాలకుర్తి దగ్గర మా కిరాణా దుకాణంలో కూర్చోవాల్సిందే.

నేను ఈనమ్ బయట 'సోమవారమా? మంగళవారమా?' అని ఒక్కో రోజునూ అడిగే ఏడు 'ఇఫ్'లు పేర్చుకుని తిప్పలు పడుతుంటే, పక్క సీటు నిమ్మలమక్క జాలిపడింది. (మహబూబాబాద్ వైపు తండా పిల్ల. కరెంటు పోయినా కంగారుపడదు కనుక ఆ పేరు పెట్టాం.) "గంత దూరం నుంచి అడుగుడెందుకే? మెథడ్ ఈనమ్ లోపల్నే పెట్టు. సెలవా కాదా, ఆ రోజే చెప్తది," అంది. పెట్టాను. ఒక్క వరుసలో తేలిపోయింది. మంగళవారం సెలవు, మిగతావి కావు అని మా ఇంటి లెక్కనే రాశాను. తెర ఎర్రబడింది.

"ఆదివారం సెలవని చిన్నపిల్లలకు కూడా తెలుసమ్మా," అన్నారు సార్, అందరికీ వినపడేలా. నాకు ఒళ్లు మండింది. అక్కడికక్కడే ఫోన్ స్పీకర్లో పెట్టి, "నాయినా, ఆదివారం దుకాణం బంద్ పెడ్తమా?" అనడిగాను.

"పిచ్చి లేసిందా బిడ్డా? ఊరంత సరుకులకొచ్చే అంగడి నాడు బంద్ పెడ్తె ఊరోళ్లేం తింటరు? మంగళారం పెడ్తం గద!"

"ఇన్నరా సార్?" అన్నాను. సార్ గడియారం చూపించారు. నాలుగు నలభై.

"మాకైతే కూలి దొరకని రోజే సెలవు. దానికి పేరే లేదు," అని నవ్వి, నిమ్మలమక్క నా కీబోర్డు లాక్కుంది. "కొట్లాట తర్వాత. రెండు మెథడ్‌లు రాయి. సార్‌కొకటి, మీ నాయినకొకటి." రాశాను. ఐదింటికి పచ్చబడింది. రెండోది తీసెయ్యమన్నారు సార్. "మార్కులు లేకున్నా మంచిదే, ఉండనియ్యుండ్రి," అని నేను తీయలేదు.

ఇప్పుడు ఆదివారం నాకూ సెలవే. మంగళవారం పొద్దున ఆఫీసులో కూర్చుంటే మాత్రం, దుకాణం మూసి నాయిన మధ్యాహ్నం దాకా పడుకునే రోజని గుర్తొచ్చి మనసు అటు పోతుంది. ఆనాటి నా మొండితనానికి నవ్వొస్తుంది. తప్పని మాత్రం ఇవాళ్టికీ అనను.