బొడ్రాయి దగ్గర వెయ్యి, వెయ్యి

రిటైర్మెంటుకు ఏడాది ముందు, ఎండలు ముదురుతున్న రోజుల్లో, నన్ను మార్కాపురం డివిజన్ ఆఫీసులో మ్యాపింగ్ సెక్షన్‌కు డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా వేశారు. చేతికొచ్చిన మొదటి ఫైలు కొమరోలు మండలంలో ఒక చిన్న ఊరి తాగునీటి పైపులైనుది. కాలవ తవ్వడం, పైపులు దించడం మా సెక్షన్ పని కాదు. కన్సల్టెంటు గీసిచ్చిన డిజైన్ డ్రాయింగును మా శాఖ మ్యాపు మీద సరిగ్గా కూర్చోబెట్టి, ఆ లైను ఎవరెవరి పొలాల్లోంచి పోతుందో తేల్చి చెప్పాలి. వినడానికి ఒక పూటలో తెమిలే పనిలా ఉంటుంది. నా సర్వీసు మొత్తంలో ఇంతగా విసిగించిన పని మరొకటి లేదు.

డ్రాయింగుదొక లెక్క, మ్యాపుదొక లెక్క. మ్యాపులో ప్రతి చోటుకూ అక్షాంశ రేఖాంశాల నుంచి వచ్చిన కొలత ఉంటుంది. దాన్ని పట్టుకుని ఎవరైనా ఎక్కడి నుంచైనా ఆ చోటికి చేరుకోవచ్చు. డ్రాయింగు గీసేవాళ్ళకు ఆ గొడవ అక్కర్లేదు. ఊళ్ళో కదలనిదేదో ఒకటి చూసుకుని, దానికి తూర్పు వెయ్యి, ఉత్తరం వెయ్యి అని పెట్టుకుని, అక్కడి నుంచి మీటర్లు కొలుచుకుంటూ పోతారు. సున్నా పెడితే పడమటికీ దక్షిణానికీ పోయే కొలతలన్నీ మైనస్‌లో పడతాయి కాబట్టి వెయ్యి. దీన్ని లోకల్ గ్రిడ్ అంటాం. ఆ మూల బిందువు నేల మీద ఎక్కడుందో జి.పి.ఎస్‌తో చూసుకుని, మ్యాపులో అక్కడే పెట్టి, ఉత్తరం దిక్కు కలిపితే డ్రాయింగంతా వచ్చి కూర్చోవాలి.

ఈ ఊరి డ్రాయింగులో మూల బిందువు పేరు స్పష్టంగా రాసి ఉంది: బొడ్రాయి. ఊరి నడిబొడ్డున పాతి, పసుపు కుంకుమ పెట్టి కొలిచే రాయి. కన్సల్టెంటు మనుషుల్ని ఈ విషయంలో తప్పు పట్టలేను. ఊళ్ళో కదలనిది ఏదయ్యా అంటే ఎవరైనా దాన్నే చూపిస్తారు.

నేను చేరేసరికే మా అసిస్టెంట్ ఇంజనీరు సుధాకర్ ఆ రాయి మీద జి.పి.ఎస్ పెట్టి రీడింగు తెచ్చాడు, డ్రాయింగును మ్యాపు మీద కూర్చోబెట్టాడు, ఫైలుకు పైనుంచి ఆమోదం కూడా వచ్చింది. లైను పోయే దారిలో సున్నం గీతలు పడ్డాయి. ఇక జె.సి.బి. రావడమే తరువాయి. నేను కుర్చీలో కుదురుకోకముందే గురవమ్మ వచ్చింది.

ఆమెకు ఆ ఊళ్ళో బత్తాయి తోట ఉంది. వరసగా బోర్లు వేసి వేసి, అన్నీ ఎండిపోయాక, ఒక్కదాంట్లో నీళ్ళు పడ్డాయి. తోటంతా ఆ బోరు మీదే బతుకుతోంది. సున్నం గీత సరిగ్గా ఆ బోరు మీదుగా పోయింది. ఆమె గిద్దలూరు వచ్చి, అక్కడ బస్సు మారి మార్కాపురం చేరి, నా టేబులు ముందు నిలబడింది. ఆఫీసుకంతా నేను మేడమ్‌ని, ఆమెకు మాత్రం మొదటి నిమిషం నుంచే అక్కని.

"మొదట కొలతలకు వచ్చినోళ్ళు డొంక పక్కన పోతాదని చెప్పినారక్కా. ఇప్పుడు మీవోళ్ళు వచ్చి బోరు మీద గీసినారు. ఇదేందని అడిగితే పరిహారం ఇస్తారులే అని పోయినారు. చెట్లకు డబ్బులు తాపేదా నేను?"

సుధాకర్‌ను పిలిచి అడిగాను. మ్యాపు కరెక్టే మేడం అన్నాడు. డొంక పక్కన పోవాల్సిన లైను తోటలోకి ఎట్లా వచ్చిందయ్యా అంటే, కన్సల్టెంటు డిజైన్ అలా ఉందేమో అన్నాడు. డ్రాయింగు ఫైలు తెరిపించాను. కంప్యూటర్లో డ్రాయింగు పొరలు పొరలుగా ఉంటుంది: పైపులైను ఒక పొర, బండి దారులు ఒకటి, కట్టడాలు ఒకటి. మనవాడు పైపులైను పొర ఒక్కటే ఉంచి మిగతావన్నీ ఆపేశాడు. ఎందుకని అడిగితే, మ్యాపు నీటుగా ఉంటుందని చెప్పాడు. అన్నీ ఆన్ చేయించాను. ఊరికి రెండు డొంకలు వచ్చాయి, రెండు బడులు వచ్చాయి, వాగు మీద రెండు కల్వర్టులు వచ్చాయి. ఉపగ్రహ చిత్రంలో ఉన్న ప్రతిదానికీ కాస్త తూర్పుగా, డ్రాయింగులోది ఇంకొకటి. నీటుగా ఉండాలని దాచింది దీన్నన్నమాట. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

కన్సల్టెంటుకు ఫోన్ చేశాను. తమ కొలతల్లో సెంటీమీటరు తేడా ఉండదనీ, మీ ఉపగ్రహ చిత్రమే పక్కకు జరిగి ఉంటుందనీ అన్నాడు. ఆ చిత్రాలు చూసే విభాగానికి చేస్తే, తమది పక్కా అనీ, ఆ డ్రాయింగుకు అసలు కో-ఆర్డినేట్ సిస్టమే లేదనీ అన్నారు. మళ్ళీ కన్సల్టెంటు. ఈసారి డేటం తేడా అన్నాడు. భూమి ఆకారాన్ని పాత సర్వే పటాలు ఒక రకంగా లెక్కవేస్తే జి.పి.ఎస్ మరో రకంగా వేస్తుంది, ఆ తేడాకు డేటం పేరు. కానీ మా ప్రాంతంలో దానివల్ల వచ్చే జరుగుడు వంద మీటర్లు దాటుతుంది. ఇక్కడ కనిపిస్తున్నది ఇరవై మీటర్లే. ఆ మాట చెబితే, అయితే మీరే చూసుకోండి అని పెట్టేశాడు. ఎవరి ముక్క వాళ్ళకు కరెక్టే. మధ్యలో గురవమ్మ బోరు పోతుంది.

ఆమె మళ్ళీ వచ్చింది. "జె.సి.బి. సోమారం వస్తాదంట. నువ్వు చూడక్కా, వీళ్ళు చూడరు" అంది. నాకు ఒళ్ళు మండింది. ఆమె మీద కాదు.

మర్నాడు సుధాకర్‌ను జీపులో వేసుకుని నేనే పోయాను. బడి మూల మీద, కల్వర్టు మీద, వాటర్ ట్యాంకు స్తంభం దగ్గర జి.పి.ఎస్ పెట్టించి డ్రాయింగుతో పోల్చాను. మూడు చోట్లా ఒకే తేడా, ఒకే దిక్కు. డ్రాయింగు వంకర తిరగలేదు, సాగలేదు, మొత్తంగా పక్కకు జరిగిందంతే. అంటే మూల బిందువు దగ్గరే ఏదో తేడా ఉంది. బొడ్రాయి దగ్గరికి నడిచాం. పాలకేంద్రం ముందు, కొత్త సిమెంటు గద్దె మీద, నున్నగా ఉంది రాయి. పసుపు ఇంకా వెలిసిపోలేదు. పాలకేంద్రం అరుగు మీద కూర్చున్న పెద్దాయన్ను, ఈ రాయి ఎప్పటిదని అడిగాను.

"మొన్న మాఘమాసంలో ప్రతిష్ఠ చేసినాం గదమ్మా. పాతది అద్దో, ఆ నాలుగుదార్ల నడాన ఉండె. సిమెంటు రోడ్డు పడినాక లారీలు దాని మీదనే తిప్పుతాండె. అట్ల తొక్కించగూడదని ఈడ కొత్తది నిలబెట్టినాం."

కన్సల్టెంటు కొలిచింది ప్రతిష్ఠకు ముందు, పాత రాయి నుంచి. మావాళ్ళు కొలిచింది తరవాత, కొత్త రాయి మీద. నాలుగుదార్ల నుంచి పాలకేంద్రానికి ఎంత దూరమో ఊరంతటికీ పైపులైను అంత జరిగింది.

ఊరికి తెలిసిన సంగతి మాకు తెలియకపోవడం ఒక ఎత్తు. కానీ పెద్దాయన సుధాకర్‌ను గుర్తుపట్టాడు. "ఈ నాయన ఆ పొద్దే వచ్చినాడు గదా! పొలిమేర కట్టేసినాం, లోపలికి ఎవర్నీ రానీలా. మర్నాడు వచ్చి మా ఇంట్లోనే తిని పోయినాడు." ప్రతిష్ఠ రోజున ఊళ్ళోకి ఎవర్నీ రానివ్వరు, ఊళ్ళోవాళ్ళను బయటికి పోనివ్వరు. మావాడు పొలిమేర దగ్గర నిలబడి, బొడ్రాయి ప్రతిష్ఠ అని విని, వెనక్కి వచ్చి, మర్నాడు పోయి ఆ కొత్త రాయి మీదే జి.పి.ఎస్ పెట్టి, భోజనం చేసి వచ్చాడు!

సుధాకర్‌కేసి చూశాను. "అది దేవుడి కార్యక్రమం అనుకున్నా మేడం" అన్నాడు.

బడి, కల్వర్టు, ట్యాంకు, ఈ మూడింటిని ఆధారం చేసుకుని డ్రాయింగును మళ్ళీ కూర్చోబెట్టాను. రెండు డొంకలు ఒకటయ్యాయి, లైను దాని అంచుకు చేరింది, బోరు బయటపడింది. ఇక సంతకం కావాలి. మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు మంచి మనిషే కానీ, ఆమోదం పొందిన ఫైలును కదిలించడమంటే ఆయనకు ప్రాణసంకటం. ఒక్క బోరు కోసం ఫైలు వెనక్కి తెప్పిస్తారా, పరిహారం ఇచ్చేస్తే పోతుంది కదా అన్నారు. తోట సంగతి చెప్పాను. చెట్ల సంగతి చెప్పాను. ఈ వేసవి సంగతి చెప్పాను. ఆయన వింటూ, "కారణం ఏమని రాయమంటారు? దేవుడు జరిగాడనా?" అన్నారు.

అప్పుడు మ్యాపును ఆయన ముందుకు తోసి లైను రెండో కొస చూపించాను. పాత లెక్కన తవ్వితే ఈ పైపు ట్యాంకు దగ్గరికి రాదు సార్, ఇరవై మీటర్ల అవతల ఒకరి వంటింట్లో తేలుతుంది అన్నాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆ ఇంటిని చూశారు, ట్యాంకును చూశారు. పెన్ను తీసి సంతకం చేశారు. కారణం దగ్గర "మూల బిందువు స్థానచలనం" అని నేను రాశాను.

సోమవారం జె.సి.బి. డొంక వెంబడే తవ్వింది. మంగళవారం గురవమ్మ ఫోన్ చేసి, తవ్విన మట్టంతా తన గట్టు మీద పోసినారనీ, ఎవరు తీస్తారనీ తగులుకుంది. బోరు ఎట్లా ఉందమ్మా అంటే, "దానికేమైంది, పోస్తాంది" అంది.

ఆ తరవాత నా సెక్షన్లో ఏ డ్రాయింగునూ ఒక్క బిందువు మీద కూర్చోబెట్టనివ్వలేదు. దూరదూరంగా మూడు చోట్ల కలవాలి, పొరలన్నీ ఆన్‌లో ఉండాలి, ఆధారంగా తీసుకున్నది ఎప్పటి నుంచి అక్కడుందో ఊళ్ళో అడిగి తెలుసుకోవాలి. పని గురించి నేర్చుకున్నది ఇది. ఆఫీసు గురించి నేర్చుకున్నది మరొకటి ఉంది. జరిగింది అదే ఇరవై మీటర్లు. అది గురవమ్మ బోరు మీద పడినంతకాలం దాని పేరు పరిహారం. మా ట్యాంకు దగ్గర తేలేసరికి అది పొరపాటైంది.