ఈస్టరుకు ముందురోజు నేను సమాధిలో పడ్డ సంగతి

బతికుండగానే సమాధిలోకి దిగి మళ్ళీ పైకొచ్చిన మనిషిని ఎప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. ఈ ఘనకార్యం సాధించేనాటికి నా వయసు ఇరవై ఆరు. నోరు పెద్దది, బుర్ర చిన్నది.

విక్టర్, నేను సండేస్కూల్ నాటి నుంచి స్నేహితులం. సికింద్రాబాద్‌లో మా చర్చి క్వయర్‌లో వాడి గొంతే గొంతు. ఇద్దరి ఆఫీసులూ బేగంపేటలోనే. ఒకరోజు ఎంఎంటీఎస్ రైల్లో కిటికీలోంచి బయటికి చూస్తూ మెల్లగా అన్నాడు.

"సుగుణా, మా అమ్మ పెళ్ళి పెళ్ళి అని పరేషాన్ చేస్తున్నది. నేను చేసుకోను. నాకు ఆడపిల్లల మీద మనసు పోదు. మగవాళ్ళ మీదనే పోతది. ఇంకెవ్వరికీ చెప్పలే. నీకే చెప్తున్న."

నేనేమన్నానో తెలుసా? "స్టేషన్ వచ్చింది" అన్నాను. అని దిగిపోయాను. వచ్చింది సంజీవయ్య పార్కు. అక్కడ నాకు పనేమీ లేదు. రైలు కదులుతుంటే కిటికీలో వాడి ముఖం కనిపించింది. ఆ ముఖం నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

ఆ తర్వాత వాడు క్వయర్ ప్రాక్టీసుకు రావడం మానేశాడు. ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో జరిగే ఆరాధనలో సోలో వాడిదే. ఒంట్లో బాగాలేదేమోనని అందరూ అనుకున్నారు. నాకు మాత్రం అసలు సంగతి తెలుసు. ఇప్పుడు నేను సరిగ్గా మాట్లాడకపోతే వాడు చర్చికీ రాడు, నాకూ మిగలడు.

సరే, మాట్లాడదామనుకున్నాను. సండేస్కూల్ టీచర్ని కదా, నా లెక్కలో మాట్లాడడమంటే ప్రసంగమే. మూడు పాయింట్లు, ఐదు వచనాలు, చివర్లో ప్రార్థన. ఇంట్లో ప్రాక్టీసు చేస్తే అమ్మ వింటుంది. అందుకని ఈస్టరుకు ముందురోజు సాయంత్రం, తాతయ్య సమాధికి సున్నం వేసొస్తానని బకెట్ పట్టుకుని బయల్దేరాను.

నేను వెళ్ళేసరికి తోటలో మనుషుల అలికిడి లేదు. పొద్దు వాలింది. కొత్త సున్నంతో సమాధులన్నీ ఆ మసక వెలుగులో నేల మీంచి కాస్త పైకి లేచినట్టున్నాయి. కాకులు కూడా అరవడం లేదు. ఎవరో వెలిగించి వెళ్ళిన కొవ్వొత్తి గాలి లేకపోయినా అటూ ఇటూ ఊగుతోంది. వెనక ఎవరో నిలబడ్డట్టు అనిపించి రెండుసార్లు తిరిగి చూశాను. ఎవరూ లేరు. తాతయ్య సమాధి పని ముగించి, పక్కనే ఉన్న పాత తెల్లదొర సమాధి ముందు నిలబడ్డాను. వెడల్పాటి రాయి, సరిగ్గా విక్టర్ అంత ఎత్తు.

"విక్టర్, నువ్వంటే నాకు కోపం లేదు" అన్నాను రాయితో. నా గొంతు సమాధుల మధ్య తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చినట్టయింది. "కానీ ఒక మంచి అమ్మాయిని చూసి పెళ్ళి చేసుకుంటే అంతా సర్దుకుంటుంది."

"ఆ పిల్లకు సుత సర్దుకుంటదా?" అంది సమాధి.

దొర చచ్చిపోయి నూరేళ్ళు దాటింది. అయినా మాట్లాడాడు. అదీ అచ్చం సికింద్రాబాద్ తెలుగులో! మీరైతే ఏం చేసేవారో గానీ, దయ్యాలు లేవని ఏటేటా పిల్లలకి పాఠం చెప్పే నేను మాత్రం "యేసయ్యా!" అని ఒక్క కేక పెట్టి, బకెట్‌తో సహా పరుగు తీశాను. నాలుగడుగులు వేశానో లేదో, కాళ్ళ కింద నేల లేదు.

అది ఎవరి కోసమో తవ్వి ఉంచిన గొయ్యి. పచ్చిమట్టి వాసన, వీపుకు తగులుతున్న చల్లదనం. మిగిలిన సున్నమంతా నా నెత్తిన పడింది. పైన ఆకాశం తలుపంత కనిపిస్తోంది. అందులోకి మెల్లగా ఒక తల వంగింది.

"సుగుణా? దెబ్బ తాకిందా?"

విక్టర్! వాళ్ళ నాన్న సమాధి దొరగారి వెనకే. అక్కడ కూర్చుని సున్నం వేస్తూ నన్ను చూశాడట. పలకరించే మనసు రాక అక్కడే నక్కి, నా ప్రసంగమంతా విన్నాడు.

"ఏం తగల్లేదు. చెయ్యివ్వరా, పైకి లాగు."

"లాగుత. జెర ఆగు. రైల్లనైతే దిగిపోయినవ్. ఇప్పుడు యాడికి దిగుతవ్?"

అంటూ గొయ్యి అంచున కూర్చున్నాడు. వెలుగు తగ్గిపోతోంది. వాడి ముఖం ఆనడం లేదు, గొంతొక్కటే పై నుంచి వస్తోంది.

"ప్రార్థన చేసుకున్నావా?" అన్నాను, ఇంకేమీ తోచక.

"పదేళ్ళ సంది. నన్ను మార్చమని ఏడ్చిన. ఆఖరికి, అబద్ధం లేకుండ బతికే ధైర్యం ఇయ్యి దేవా అన్న. ఇచ్చిండు. ఆ ధైర్యంతోనే నీకు చెప్పిన."

నాకు ఏడుపొచ్చింది. మూడు పాయింట్లూ ఐదు వచనాలూ ఎక్కడికి పోయాయో!

"చిన్నప్పటి నుంచి నేను నేర్చుకున్నది ఒకటి, నువ్వు చెప్పేది ఒకటి. రెండూ ఎలా కలుస్తాయో నాకు తెలీదురా. తెలిసినట్టు నటించను. కానీ నిన్ను ఒంటరిగా వదిలేసి దిగిపోయాను చూడు, దానికి సిగ్గుగా ఉంది."

వాడు ముందుకు వంగాడు. "తెల్వకపోతే అడుగు. నా ముఖం చూసి అడుగు. రాయికి చెప్పుడెందుకు?" అని చెయ్యి చాచాడు.

"రేపు పాడతావా?"

"నువ్వు నా పక్కన నిలబడితే పాడుత."

నెత్తి నుంచి పాదాల దాకా తెల్లగా, రెండు చేతులూ పైకి చాపి నేను గోతిలోంచి లేస్తుండగా, గేటుకు తాళం వేయడానికి వాచ్‌మన్ దావీదు తాత టార్చితో అటు వచ్చాడు. టార్చి కింద పడింది. తాత పడలేదు, పరుగెత్తాడు.

మర్నాడు తెల్లవారుజామున అదే తోటలో, కొవ్వొత్తుల మధ్య విక్టర్ పక్కన నిలబడ్డాను. వాడు పాట ఎత్తుకోబోతుంటే దావీదు తాత లేచి సాక్ష్యం చెప్తానన్నాడు.

"అయ్యగారూ, నిన్న పొద్దుగూకినంక గీ తోటలనే చచ్చినామె తెల్లబట్టలతోని సమాధిలకెళ్ళి లేచింది! నా కండ్లతోని చూసిన! దేవదూత ఒకాయన చెయ్యి పట్టి లేపుతున్నడు!"

సంఘమంతా "హల్లెలూయా" అంది. ఆ దేవదూత నా పక్కనే నిలబడి నవ్వాపుకోలేక వణికిపోతున్నాడు. ఆ తర్వాత పాడాడు. అంత బాగా వాడెప్పుడూ పాడలేదు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, సున్నం బకెట్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బతికున్న మనిషికి చెప్పాల్సిన మాట ఇకపై ఏ సమాధికీ చెప్పను. ఎవరైనా గుండె విప్పి మాట్లాడుతుంటే, నా స్టేషన్ వచ్చినా సరే, లింగంపల్లి దాకా పోవాల్సి వచ్చినా సరే, రైలు దిగను.