మానోంగ్ కార్పో నెత్తురు మీద పందాలు

మానోంగ్ కార్పో, అంటే కార్పో అన్నగారు, మా పక్కింటాయన. రెండిళ్లకీ మధ్య వెదురు తడిక ఒక్కటే అడ్డం. ఆయన పెరట్లోకి వచ్చాడంటే చూడక్కర్లేకుండానే నాకు తెలిసిపోయేది. గోడగడియారం లేచి నడిచి వస్తున్నట్టు టిక్కు టిక్కుమని వినపడేది. చిన్నప్పుడెప్పుడో వచ్చిన కీళ్లజ్వరం ఆయన గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసింది. అరవై దాటాక మనీలా తీసుకెళ్లి దాని స్థానంలో లోహపుది అమర్చారు. అది మూసుకున్నప్పుడల్లా చప్పుడు చేస్తుంది. ఆదివారం చర్చిలో అందరూ మౌనంగా కూర్చుని వింటున్నప్పుడు ఆ టిక్కు టిక్కు వినపడితే, పాద్రీగారు తన ప్రసంగం సాగిపోతోందేమోనని గబగబా ముగించేవారు. జనం మానోంగ్ కార్పోని ముందు వరసలో కూర్చోబెట్టడానికి పోటీపడేవారు.

ఆ లోహం మీద గడ్డలు కట్టకుండా ఆయన బతికున్నన్నాళ్లూ నెత్తురు పలచబరిచే మాత్ర వేసుకోవాలి. మందు ఎక్కువైతే చిన్న గీత పడినా నెత్తురు ఆగదు. తక్కువైతే గడ్డ కట్టి ప్రాణం మీదికొస్తుంది. అందుకని నెలకోసారి పట్నంలో ఆరోగ్య కేంద్రానికి వెళ్లి సూది గుచ్చించుకోవాలి. నెత్తురు ఎంత పలచగా ఉందో అక్కడ ఒక నంబరు చెబుతారు. మానోంగ్ కార్పోకి అది రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉండాలి.

ఇంతకీ ఆపరేషనుకి ముందు ఆయన పనేమిటంటే, కోడిపందాల బరిలో పుంజుల కాళ్లకి కత్తులు కట్టడం. చుట్టుపక్కల ఆయనంత ఒడుపుగా కట్టేవాడు లేడు. మనీలా డాక్టరు ఇంటికి పంపించే ముందు, "ఏం పని చేస్తుంటారు?" అని అడిగాడట. ఈయన చెప్పాడట. డాక్టరు కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "ఇంకొకసారి చెప్పండి" అన్నాడట.

ఆ రోజుతో కత్తులు బంద్. ఆయన భార్య మానాంగ్ పసింగ్ ఇంకో అడుగు ముందుకేసి, వంటింటి కత్తిపీట కూడా పక్కింట్లో, అంటే మా ఇంట్లో, దాచింది. ఉల్లిపాయ కోసుకోవాలన్నా మా గుమ్మంలోకొచ్చేది. ఎండుచేపలు అమ్మే మనిషి. బజారు ఈ చివర నుంచి పిలిస్తే ఆ చివర వాళ్లు పలికే గొంతు. రోజూ మాత్ర చేతిలో పెట్టి, మింగాక నోరు తెరిపించి, నాలుక కింద కూడా చూసేది. ఇక ఆయన దాచే ప్రయత్నాలంటారా, అవి సాగేవి కావు.

"కల్లు తాగొచ్చావా?"

"లేదే, ఒట్టు."

టిక్ టిక్ టిక్ టిక్.

"చూడు, నీ నోటికి లేని సిగ్గు నీ గుండెకుంది. అదైనా నిజం చెబుతోంది."

ఆయన పట్నం వెళ్లేది ఎస్తోయ్ బండిలో. ఎస్తోయ్‌ది మోటారుసైకిలుకి పక్కబండి తగిలించిన అద్దెబండి. తిరిగొచ్చేటప్పుడు ఇద్దరూ దియోనింగ్ అన్నం హోటల్ దగ్గర ఆగేవారు. మానోంగ్ కార్పో గుమ్మంలోనే నిలబడి, పరీక్షలో పాసైన పిల్లాడిలా ప్రకటించేవాడు.

"రెండు పాయింట్ తొమ్మిది!"

తింటున్నవాళ్లు చప్పట్లు కొట్టేవారు. ఎందుకు కొడుతున్నారో వాళ్లకీ తెలీదు, కానీ కొట్టేవారు.

ఆ ఏడు వానలు ముందే దిగాయి. కోడిపందాల బరి మోకాల్లోతు బురదయింది. పందెం లేక మగాళ్లకి చేతులు దురద పుట్టాయి. వాన చినుకుల్లో ఏది ముందు చూరు జారుతుందో అని పందెం కాసుకునే స్థితికొచ్చారు. ఒకరోజు ఎస్తోయ్‌కి ఆలోచన తట్టింది.

"ఒరేయ్, మన కార్పో నంబరు ఉంది కదరా!"

అంతే. ఊరు రెండు పక్షాలయింది. నంబరు మూడుకి పైన వస్తుందనేవాళ్లు పలచన పక్షం, కింద వస్తుందనేవాళ్లు చిక్కన పక్షం. పందెం బాతుగుడ్లు, అరటి హస్తాలు, ఎండు కణవ చేపలు. పలచన పక్షానికి ఎస్తోయ్ పెద్ద, చిక్కన పక్షానికి దియోనింగ్. మానోంగ్ కార్పో చెవిన మాత్రం ఎవరూ వెయ్యలేదు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆకుకూరల సంగతి ఆయనే దియోనింగ్‌కి చెప్పాడు. ఆరోగ్య కేంద్రంలో నర్సు రోవేనా చెప్పిన మాట అది. ఆకుకూరలు మాత్రకి ఎదురు పనిచేస్తాయి, నెత్తురుని మళ్లీ చిక్కబరుస్తాయి. మానెయ్యక్కర్లేదు, కానీ రోజూ ఒకే మోతాదులో తినాలి. ఒకరోజు గంపెడు, ఒకరోజు సున్నా అయితే నంబరు కోతిలా గంతులేస్తుంది.

దియోనింగ్ ఈ మాట విని, "అయ్యో పాపం, జాగ్రత్త మానోంగ్" అంది. మర్నాడు ఆయన హోటల్ ముందు నుంచి పోతుంటే చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది.

"రా, కూర్చో. చిక్కిపోయావు. మునగాకు పులుసు తాగు."

"ఇంట్లో తినొచ్చాను, దియోనింగ్."

"నా చేతివంట కాదంటావా? ఊరికే ఇస్తున్నాను, మానోంగ్!"

ఊరికే అనే మాట దియోనింగ్ నోట ఊరు ఎన్నడూ వినలేదు. ఆ పులుసులో నీళ్లకంటే ఆకు ఎక్కువ. మర్నాడు మునగాకు వేసిన అట్లు. ఆ మర్నాడు తూటికూర వేపుడు. దారిలో చిక్కన పక్షంవాళ్లు ఇంకొందరు గిన్నెలతో ఎదురొచ్చేవారు. మానోంగ్ కార్పో మురిసిపోయాడు. తడిక మీంచి నాతో అన్నాడు:

"చూశావా ఇందాయ్, ఇన్నాళ్లకి నా విలువ తెలిసింది జనానికి. చావు అంచుదాకా వెళ్లొస్తేగానీ మనిషిని గుర్తించరు."

ఆ నెల నంబరు ఒకటి పాయింట్ నాలుగు.

నర్సు రోవేనా చిన్నపిల్ల, కానీ మాటకు పదునెక్కువ. "మాత్రలు వేసుకోవట్లేదా, తాతా? గడ్డ కట్టి మెదడుకి పోతే ఏమవుతుందో తెలుసా?" అని గద్దించింది.

"నా కళ్ల ముందే మింగిస్తున్నానమ్మా!" అంది మానాంగ్ పసింగ్. "నాలుక కింద కూడా చూస్తాను!"

"కొత్తగా ఏమైనా తింటున్నారా?"

భార్య పక్కనుంది. వేరే ఆడదాని హోటల్లో పూటపూటా ఆరగిస్తున్నానని ఎలా చెబుతాడు? "లేదు" అన్నాడు. గుండె చప్పుడు ఆ గది దాటి వరండాలోకి వినపడింది. రోవేనా అది జబ్బు కంగారనుకుంది. మందు కాస్త పెంచి, రెండు వారాల్లో మళ్లీ రమ్మంది.

దియోనింగ్ ఇంటికి బుట్టెడు బాతుగుడ్లు చేరాయి. ఎస్తోయ్ కడుపు మండింది. ఇక వాడు మొదలెట్టాడు.

"మానోంగ్, ఆకులు తినడానికి నువ్వేమన్నా మేకవా? ఆ దియోనింగ్ నిన్ను పాడు చేస్తోంది. ఆకు ముట్టకు. మగాడన్నాక మాంసం తినాలి. ఇదిగో, కొబ్బరికల్లు, ఇవాళ పొద్దున దించింది."

"పసింగ్ ఒప్పుకోదురా."

"పసింగ్ వదినని నేనేమన్నా పిలిచానా? నిన్ను పిలిచాను."

ఇలా ఒక పక్క మందు పెరిగింది, ఇంకో పక్క ఆకు పూర్తిగా పోయింది, పైగా రోజూ కల్లు. ఈ మూడూ కలిసేవేళకి మా ఊరి చర్చి స్వామి శాన్ రోకే పండగ వచ్చింది.

మా శాన్ రోకే విగ్రహం మీరు చూసే ఉంటారు, బట్ట పైకెత్తి మోకాలి పైన పుండు చూపిస్తూ నిలబడి ఉంటాడు. ఊరేగింపులో ఆ పల్లకి మోసే గౌరవం ఆ ఏడు మానోంగ్ కార్పోకి దక్కింది. తెల్లటి పట్టు చొక్కా తొడుక్కుని, విగ్రహానికి సరిగ్గా కింద, పల్లకి బొంగు భుజాన పెట్టుకున్నాడు. వీధి మలుపులో ఎవరో సాంబ్రాణి ధూపం ఆయన మొహం మీదికి ఊపారు. ఆయన పైకి చూసి, ఊరంతా అదిరేలా తుమ్మాడు.

మొదట చూసింది ముసలి లోలా ఎంగ్రాసియా. శాన్ రోకే పుండు మీంచి ఎర్రగా కారుతోంది.

"నెత్తురు! స్వామి పుండు నెత్తురు కక్కుతోంది! అద్భుతం!"

ఊరేగింపు మొత్తం బురదలో మోకాళ్ల మీద పడింది. బాజా భజంత్రీవాళ్లు ఏం వాయించాలో తెలీక పెళ్లి పాట అందుకున్నారు. ఆడవాళ్లు ఏడుస్తూ చేతిరుమాళ్లు తెచ్చి అద్దుకోబోయారు. పాద్రీగారు రెండు చేతులూ ఎత్తారు గానీ దీవించాలో ఆపాలో తేల్చుకోలేకపోయారు. కింద మానోంగ్ కార్పో రెండు ముక్కుపుటాల్లోంచీ ధార కడుతోంది. పల్లకి దించితే అపచారమని అలాగే మోస్తున్నాడు.

అప్పుడు వినిపించింది ఆ బజారు గొంతు.

"అద్భుతమూ లేదు, మీ మొహమూ లేదు! అది మా ఆయన ముక్కు!"

మానాంగ్ పసింగ్ జనాన్ని మోచేతులతో తోసుకుంటూ వచ్చి, భర్త తల ముందుకి వంచి, ముక్కు గట్టిగా నొక్కిపట్టింది. అలా నొక్కిపట్టే ఎస్తోయ్ బండెక్కించింది. పట్నందాకా ముక్కు వదల్లేదు. లోలా ఎంగ్రాసియా మాత్రం ఈనాటికీ అది అద్భుతమేననీ, పసింగ్ దాన్ని అడ్డుకుందనీ అంటుంది.

పండగైనా రోవేనా డ్యూటీలో ఉంది. డాక్టరు వచ్చి ముక్కులో దూది కుక్కాడు. నెత్తురు తీసి పరీక్ష చేశారు. రోవేనా కాగితం చూసి మొహం మాడ్చుకుంది.

"ఆరు పాయింట్ రెండు."

గుమ్మం దగ్గర నిలబడ్డ ఎస్తోయ్ ఆపుకోలేకపోయాడు. "ఆరా! పలచన గెలిచింది!" అని గాల్లోకి ఎగిరాడు.

మానాంగ్ పసింగ్ మెల్లగా వాడి వైపు తిరిగింది.

"ఏం గెలిచింది?"

ఎస్తోయ్ గుండెలో లోహమేమీ లేదు గానీ, ఆ క్షణాన దాని చప్పుడు కూడా అందరికీ వినపడి ఉంటుంది. మొత్తం కక్కేశాడు. రోవేనా వాణ్ణి ఎడాపెడా తిట్టింది. "మీకు పందానికి కోళ్లు లేవా? ఈయన తల లోపల కారి ఉంటే ఏం చేసేవారు?" అంటే వాడు నిజంగానే ఏడ్చాడు. మాత్రలు ఆపమని, మూడో రోజున మళ్లీ పరీక్షకి రమ్మని చెప్పి పంపింది.

నంబరు దిగి ఆయన కాస్త కోలుకున్నాక, మానాంగ్ పసింగ్ దియోనింగ్ హోటల్‌కి వెళ్లింది. ఇరుపక్షాలూ అక్కడే ఉన్నాయి. ఎవరూ తలెత్తలేదు. నేనూ వెళ్లాను, ఆ దృశ్యం వదులుకుంటానా? ఆమె తిడుతుందని అందరం ఎదురుచూశాం. ఆమె బల్ల ముందు కూర్చుని, తీరిగ్గా అడిగింది:

"పందెం ఎలా కాస్తారు?"

దియోనింగ్ బిక్కచచ్చింది. "క్షమించు మానాంగ్, ఇంకెప్పుడూ..."

"క్షమించడం తర్వాత. నేనూ కాస్తాను. మా ఆయన నంబరు రెండున్నరకీ మూడున్నరకీ మధ్య వస్తుంది. ఈ నెలా, వచ్చే నెలా, ఆపై నెలా కూడా. నా పంది కాస్తున్నాను. షరతు ఒక్కటే. నేను తప్ప ఆయనకి ఎవరూ తిండి పెట్టకూడదు, తాగించకూడదు."

పసింగ్ పంది అంటే మామూలు పంది కాదు, క్రిస్మస్‌కని పెంచుతున్నది, తలుపులోంచి పట్టేది కాదు. ఒకటి పాయింట్ నాలుగూ, ఆరు పాయింట్ రెండూ చూసినవాళ్లకి మధ్యలో రావడమనేది అసాధ్యమనిపించింది. ఇరుపక్షాలూ ఏకమై ఆమెకి ఎదురు కాశాయి.

ఆమె చేసిందల్లా, రోజూ మధ్యాహ్నం ఒకే గిన్నెడు మునగాకు పులుసు పెట్టడం. అదే గిన్నె, అదే కొలత. పండగైనా, వానైనా, ఆయన అలిగినా. నంబరు రెండు పాయింట్ ఎనిమిది. తర్వాత మూడు. తర్వాత మళ్లీ రెండు పాయింట్ ఎనిమిది. బాతులు, అరటి గెలలు, దియోనింగ్ పెద్ద మూకుడుతో సహా అన్నీ మా పక్కింటికి తరలిపోయాయి. ఆ తర్వాత అందరూ మధ్యలోనే కాస్తామనడంతో ఎదురు కాసేవాడు లేక పందాలు ఆగిపోయాయి. ఎండలొచ్చి బరి ఆరింది, మగాళ్లు తమ పుంజుల దగ్గరికి పోయారు.

మానోంగ్ కార్పో మాత్రం కొన్నాళ్లు దిగులుగా తిరిగాడు. దారిలో ఎవరూ గిన్నె పట్టుకుని ఎదురు రావడం లేదు.

"నేనంటే ప్రేమనుకున్నానే" అన్నాడు ఒకరోజు భార్యతో, పెరట్లో. "నా మీద పందెం అని తెలీదు."

"నీ మీద నేను నా పందిని కాశాను, కార్పో" అంది ఆమె, బట్టలు ఆరేస్తూ. "మన పెళ్లప్పుడు మా నాన్న కూడా నీ మీద అంత నమ్మకం పెట్టలేదు. ఇంకేం కావాలి నీకు?"

ఆయన అది నిజమేనన్నాడు. గెలిచిన బాతుల్ని ఇప్పుడు ఆయనే మేపుతున్నాడు. ఒక మగబాతు పొడుస్తుందని చేతికి మందపాటి తొడుగు వేసుకుంటాడు. ఉప్పు గుడ్లు చేసి పట్నం పంపుతాడు. రోవేనాకి నాలుగు ఇవ్వబోతే, పరీక్షకి ముందు వద్దు, తర్వాతే తీసుకుంటానందట.

పోయిన నెల మూడు పాయింట్ ఒకటి వచ్చింది. హోటల్లో ఎవరూ అడగలేదు. ఇంటికొచ్చి బాతులకి చెప్పుకున్నాడు.