పట్టుపురుగుల మేత చప్పుడు

ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలు. ఉజ్జాయింపుగా చెప్పడం లేదు. మా పట్టుపురుగుల షెడ్డులో, వేడీ తేమా చూపించే మీటరు పక్కన ఒక గోడగడియారం ఉంటుంది. మేత వేళ తప్పకూడదని పెట్టుకున్నది. నా కూతురు గిటారు పట్టుకుని షెడ్డులోకి అడుగు పెట్టినప్పుడు నేను ఆ గడియారాన్నే చూస్తూ నిలబడ్డాను. దాని ముఖం చూసే ధైర్యం నాకు లేదు.

ఎందుకు లేదో చెప్పాలంటే ముందు ఒక చప్పుడు గురించి చెప్పాలి.

మాది మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దోవలో ఒక చిన్న ఊరు. ముప్ఫై ఏళ్ళకు పైగా పురుగులు పెంచాను. పట్టుపురుగు నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. దాన్ని మేము జ్వరం అంటాం. జ్వరానికి కూర్చున్న పురుగు తల పైకెత్తి, ఆకు ముట్టకుండా, రాయిలాగా ఉండిపోతుంది. నాలుగో జ్వరం నుంచి లేచిందంటే మాత్రం ఇక దానికి ఆకలి తప్ప వేరే ధ్యాస లేదు. ఏడు రోజులు తింటుంది. మల్బరీ కొమ్మలు పరిచి నేను వెనక్కి తిరిగేలోపల ఎక్కడో ఒక మూల మొదలవుతుంది. తర్వాత పక్క అర. ఆ తర్వాత పై అర. చూస్తుండగానే షెడ్డంతా ఒకటే చప్పుడు. కళ్ళు మూసుకుంటే వాన. ఉరుము లేదు, గాలి లేదు. రేకుల మీద దబదబలాడే వాన కాదు, రాగిచేని మీద పడే సన్నవాన. బయట భూమి నెర్రెలిచ్చి ఉంటుంది, ఆకాశంలో చేతెడు మబ్బు ఉండదు. లోపల మాత్రం వాన పడుతూనే ఉంటుంది.

నా కూతురు ఆ చప్పుడులో పెరిగింది. షెడ్డు మూలన గోనెపట్టా వేసి పడుకోబెట్టి నేను మేత వేసుకునేదాన్ని. ఐదేళ్ళ పిల్లప్పుడు ఒక మధ్యాహ్నం నిద్రలో లేచి బయటికి పరుగెత్తింది.

"మా, వానొస్తాండాది! శెనక్కాయలు తడిసిపోతాయి!"

నేను వెనకే పోయి చూస్తే ఎర్రటెండలో, ఆరబోసిన చెనక్కాయల మధ్య నిలబడి, రెండు అరచేతులూ చాపి ఆకాశంలోకి చూస్తోంది. "నిద్రమబ్బు మొగమా, వాన యాడుందే?" అని నవ్వాను. ఆ పిల్ల నవ్వలేదు. చేతులు అట్లే చాపుకుని చాలాసేపు నిలబడింది.

ఇప్పుడు దానికి నలభై దాటాయి. మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం. గిటారు పట్టింది ముప్ఫై అయిదో ఏట. హాస్టలు ఖాళీ చేసి పోయే పిల్ల ఒకతి అమ్మేస్తుంటే కొనుక్కుంది. తీగలు ఆనుకునే చిన్న పట్టీ విరిగిపోయి ఉంది. పుంగనూరులో తలుపులూ మంచాలూ చేసే సాయిబు ఒకాయన బర్రెకొమ్ము అరగదీసి కొత్త పట్టీ బిగించాడు. ప్లాస్టిక్కు అయితే తీగ గొణుగుతుందని, కొమ్ము అయితే నోరు విప్పి మాట్లాడుతుందని ఆయన చెప్పాడట.

"ఎదిగొచ్చే కొడుకుండాడు నీకు. ఇప్పుడు యాలమ్మే ఈ డొక్కు?" అన్నాను నేను. నేను ఏదైనా మొహం మీదే అంటాను.

"నువ్వు అచ్చరాలు ఎన్నేండ్లకు నేర్సుకుంటివి మా?" అంది.

యాభై రెండేళ్ళకు నేర్చుకున్నాను. నేర్పింది అదే. తట్టల్లో పురుగుల కింద పాత పేపర్లు పరిచేవాళ్ళం. మేత వేస్తూ, పురుగు పక్కకు జరిగినప్పుడు కింద కనబడిన అక్షరాన్ని చదవమనేది. "ఇదేం చెప్పు?" అనేది. నేను చెప్పేలోపల ఇంకో పురుగు వచ్చి దాని మీద పడుకునేది. నా చదువు అట్లా, పురుగులు దారి ఇచ్చినప్పుడల్లా సాగింది. ఇప్పటికీ తెల్లటి కాగితం మీద కంటే పేపరు మీదే నాకు అక్షరం త్వరగా దొరుకుతుంది.

నా కూతురు వేరేవాళ్ళ పాటలు వాయించదు. తనే కడుతుంది. వాటికి మాటలుండవు. ఒక పాట కుప్పం స్టేషన్లో ఆగకుండా పోయే రైలు. లావుతీగను బొటనవేలితో ఒకే పోకడలో మోగిస్తూ, పైన సన్నతీగల మీద ప్లాట్‌ఫారం మనుషుల్ని వెనక్కి పంపిస్తుంది. ఇంకొకటి మదనపల్లె టమాటా మార్కెట్టు. అందులో తీగల కంటే గిటారు చెక్క మీద వేలికణుపులతో కొట్టేదే ఎక్కువ. డబ్బాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నట్టు ఉంటుంది. విన్న మొదటిసారే నాకు టమాటా వాసన వచ్చింది. ఆ మాట దానికి చెప్పలేదు. "మాటలు లేకుంటే అది పాటెట్లయితుందే?" అని మాత్రం అన్నాను.

"మాటలుంటే మనుసులు మాటల్నే ఇంటారు మా. మిగతాదంతా యాడికి పోవాల?"

మూడో పాట మేత చప్పుడు. రెండేళ్ళు పట్టుకుని కూర్చుంది దాన్ని. చీల్చిన పట్టుగూటి నుంచి దూది తీసి, సాయిబు కొమ్ముపట్టీకి ఎదురుకొసన, తీగల కింద దోపింది. అప్పుడు తీగ మోగదు, చిటపటమంటుంది. వేళ్ళు అన్నీ కలిపి మెల్లగా ఆడిస్తే దూరంగా వాన మొదలైనట్టే ఉంటుంది. కానీ దగ్గరికి రాదు. ఎంతసేపు వాయించినా పక్కఊళ్ళోనే పడుతూ ఉంటుంది.

"వేల నోర్లు మా అవి. నాకుండేది పది వేళ్ళు" అంది.

దాంతో నిజమైన మేత చప్పుడునే పాట కింద పరవాలనుకుంది. ఫోనులో పట్టి చూసింది. ఆవాలు వేగినట్టు వచ్చింది. కుప్పంలో పెళ్ళి వీడియోలు తీసే మనిషి దగ్గర మంచి మైకు ఉందని తెలుసుకుని ఆయన్ను ఒప్పించింది. ఆయనకు ముహూర్తాలు లేని రోజు ఆ ఆదివారం ఒక్కటే. వేరే రైతుల్ని అడగడానికి లేదు. నాలుగో జ్వరం దాటిన పురుగులున్న షెడ్డులోకి పరాయి మనిషిని ఎవరూ రానివ్వరు, తెగులు వస్తుందని భయం. నేనూ రానిచ్చేదాన్ని కాదు. కానీ నాకు అదే ఆఖరి పంట. మోకాళ్ళు పోయాయి. మల్బరీ తోట పీకేసి టమాటా పెట్టడానికి మాట అయిపోయింది. ఆ తర్వాత మా షెడ్డులో ఆ వాన ఇక పడదు.

ఏడో రోజు కొన్ని పురుగులు పండడం, అంటే మేత మాని గూడు కట్టడానికి సిద్ధం కావడం, మొదలుపెడతాయి. అన్నీ ఒక్కసారే పండడానికి అప్పుడు మేము ఆకు మీద ఒక మందు చల్లుతాం. చల్లితే మరుసటి రోజుకు అన్నీ మేత మానేస్తాయి. అందుకే నా కూతురు నా చేత ఒట్టు వేయించుకుంది.

"ఆదివారం దాకా సల్లొద్దు మా. కొన్ని ముందు పండినా పోనీ."

"సల్లనులేవే. నాకు తెలీదా?" అన్నాను.

శనివారం తెల్లవారి లేచాను. నాలుగైదు పురుగులు పసుపు తిరిగి, తల ఆడిస్తూ ఆకు వదిలి పైకి పాకుతున్నాయి. బకెట్టులో నీళ్ళు పట్టాను. మందు కలిపాను. మొదటి అర నుంచి చివరి అర దాకా చల్లాను. ముప్ఫై ఏళ్ళుగా నా చేతులు ఏం చూస్తే ఏం చేస్తాయో అదే చేశాయి. బకెట్టు కడిగి బోర్లించినప్పుడు ఒట్టు గుర్తొచ్చింది. పురుగులు ఆ ఆకును ఇష్టంగా తింటున్నాయి. వాన బ్రహ్మాండంగా పడుతోంది.

అప్పుడే ఫోన్ చేసి ఉంటే డ్యూటీ వదిలేసి వచ్చేది. మైకు లేకపోయినా, కనీసం కూర్చుని వినేది. నేను చేయలేదు. ఊళ్ళో అందరి తప్పులూ మొహం మీద చెప్పే నేను నా తప్పు దగ్గర నోరు మెదపలేదు. కొన్నైనా మిగులుతాయిలే, కొన్నైనా తింటూ ఉంటాయిలే అని నాకు నేను చెప్పుకున్నాను.

ఆదివారానికి ఒక్కటీ మిగల్లేదు.

పొద్దుటి నుంచి నేనూ నా తోడికోడలూ పండిన పురుగుల్ని ఏరి చంద్రికల మీద వేస్తున్నాం. చంద్రిక అంటే పురుగు గూడు కట్టుకోవడానికి వెదురుచాప మీద చుట్టలు చుట్టలుగా అల్లిన తట్ట. వాటిని గోడకు వాల్చి, కింద పేపర్లు పరిచాం. అప్పుడు వచ్చారు నా కూతురు, కుప్పం మనిషి, పుంగనూరు సాయిబు. చెప్పినట్టే గుమ్మంలో సున్నపునీళ్ళలో కాళ్ళు కడుక్కున్నారు. పురుగులకు ఘాటు వాసన పడదని అత్తరు కూడా వద్దన్నాం. నా కూతురు గిటారు వాయించేటప్పుడు కూర్చోవడానికి సాయిబు కిర్రుమనని ముక్కాలిపీట ఒకటి చేసి తెచ్చాడు.

"అత్తరు లేకుండా గడప దాటింది ఇదే మొదలు అక్కా. మా ఇంట్లో ఎవురు సచ్చినారని అడిగింది మా ఆమె" అన్నాడు.

నా తోడికోడలు పని ఆపలేదు. "కచేరీకొచ్చినారా, పురుగులేరేదానికొచ్చినారా? వొచ్చినోళ్ళు తలా ఒక తట్ట పట్టండప్పా."

నా కూతురు నవ్వలేదు. వింటోంది. షెడ్డు నిశ్శబ్దంగా ఉంది.

"మేత వెయ్యలేదా మా?"

"వేస్తి. తినలేదు."

నా కూతురు ఒక పురుగును తీసి కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది. లోపల దీపం పెట్టినట్టు ఉంది పురుగు. దాని నోటి నుంచి కంటికి కనబడీ కనబడని పోగు ఒకటి గాలిలో వేలాడుతోంది.

"అన్నీ ఒగేసారి ఎట్ల పండినాయి?"

"మందు సల్లేస్తి. నిన్న తెల్లారి. చేతులు సల్లేసినాయి."

"నిన్ననే ఫోన్ జేసింటే వొచ్చుందును గదా."

"సిగ్గయింది" అన్నాను.

తిట్టి ఉంటే బాగుండేది. అది సాయిబు చేసిన పీట తెచ్చుకుని మూలన, ఒకప్పుడు గోనెపట్టా వేసిన చోట కూర్చుంది. గిటారు ఒళ్ళో పెట్టుకుంది కానీ ముట్టలేదు. చంద్రికల మీద పురుగులు తలలు అటూ ఇటూ ఊపుతూ, తమ చుట్టూ తామే తెల్లగా కమ్ముకుంటున్నాయి. కిటికీ వెలుతురు ఆ పోగుల్లో చిక్కుకుని పొగమంచులాగా కదులుతోంది. నాకు అదంతా చాలా దూరంలో జరుగుతున్నట్టుంది.

కుప్పం మనిషి మాత్రం మైకు స్టాండు నిలబెట్టి చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు. వచ్చినందుకు ఒకసారి చూద్దామనుకున్నాడేమో. కాసేపటికి చెయ్యెత్తాడు.

"అవ్వా, యాడో నీళ్ళు కారతాండాయి. కొళాయి కట్టు."

"షెడ్డులో కొళాయి యాడుంది నాయనా?"

"కారతాండాది అవ్వా. టప్... టప్ మని. బాగా ఇనపడతాండాది."

నా తోడికోడలు పగలబడి నవ్వింది. "కొళాయి గాదప్పా, ఉచ్చ! గూట్లో కూసునే ముందర ప్రతి పురుగూ ఒక సుక్క ఇడస్తాది. దానికే ఆ పేపర్లు."

సాయిబు తన తలమీద టోపీ తడుముకుని వెనక్కి జరిగాడు. నా కూతురు లేచి వచ్చి హెడ్‌ఫోన్ తీసుకుంది. కళ్ళు మూసుకుంది. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ షెడ్డులో ఉన్నా నేను ఆ చప్పుడును ఎప్పుడూ వినలేదు, తుడవాల్సిన తడిగానే చూశాను. నా కూతురు వింటూ వింటూ ఒక అరచేయి చంద్రిక కిందకు చాపింది. చుక్క పడేదాకా అట్లే ఉంచింది.

"నేనడిగింది ఇది గాదు మా" అంది.

"తెలుసు."

"అది మళ్ళీ రాదు."

"రాదు."

చెయ్యి కడుక్కుని వచ్చి, తీగల కింద దోపిన పట్టుదూది లాగేసింది. లావుతీగను బాగా వదులు చేసింది. ఒక తీగ మీటి, అది పూర్తిగా చచ్చిపోయేదాకా ఆగింది. ఆ ఆగినంతసేపూ చుక్కలు పడ్డాయి. వాన వెలిసిపోయాక చూరు నుంచి పడతాయే, అట్లా, వరుస లేకుండా. మళ్ళీ ఇంకో తీగ. సాయిబు తను చేసిన కొమ్ముపట్టీ వైపే చూస్తున్నాడు.

కొంచెంసేపటికి ఆపి నా వైపు తిరిగింది.

"మా, పేపరు తడిసి సప్పుడు సచ్చిపోతాండాది. పొడిది పరుసు. రంగుల పేజీ వొద్దు, అది పటపటమంటాది. మామూలుదెయ్యి."

మోకాళ్ళ మీద కూర్చుని తడి పేపర్లు తీశాను. పొడివి పరిచాను. రంగులవి పక్కన పెట్టాను. ఒక పొర చాల్లేదు, రెండు వేయమంది. చంద్రికను ఇంకొంచెం వాల్చమంది. వాల్చాను. చుక్క పడ్డచోట అక్షరం నల్లబడి ఉబ్బుతోంది. అది చదువుకుంటూ, ఊపిరి బిగబట్టి, తరవాతి పేపరు చేతిలో సిద్ధంగా పట్టుకుని కూర్చున్నాను.

మేత చప్పుడు ఆ పాటలోకి రాలేదు. తప్పు నాదే. ఇప్పుడు ఆ పాట మొదట దూదితో వాయించిన పక్కఊరి వాన, తర్వాత చుక్కలు. మధ్యలో పడాల్సిన అసలు వాన లేదు. వినేవాళ్ళకు అది తెలియదు. మా ఇద్దరికీ తెలుసు.

ఆ రోజు షెడ్డులో ఉన్నవాళ్ళు వీళ్ళు. ముక్కాలిపీట మీద నా కూతురు. మైకు దగ్గర కుప్పం వీడియో మనిషి. గుమ్మం పక్కన, అత్తరు లేని పుంగనూరు సాయిబు. పాట నడిచినంతసేపూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకున్న నా తోడికోడలు. చంద్రికల మీద మా ఆఖరి పంట పురుగులు. వాటి కింద పేపర్లు మారుస్తూ నేను.