స్టేషన్ నుంచి వచ్చినవాడు

ఏళ్ల తరబడి మోస్తున్నాను దీన్ని. ఇంట్లో చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతాను.

నాది జమ్మలమడుగు. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీలో సూపర్‌వైజరుగా చేరాను. కెమెరాలు బిగించడం, కొత్త గార్డులకు పాఠం చెప్పడం నా పని. ఆ పాఠం ఇప్పటికీ తడుముకోకుండా చెప్పగలను. పోలీసు సోదా చేయవచ్చు, మనం చేయకూడదు. పోలీసు అరెస్టు చేస్తాడు, మనం ఆపి అతనికి ఫోన్ చేస్తాం. పోలీసు తప్పు చేస్తే అడగడానికి పైన అధికారి ఉన్నాడు, కోర్టు ఉంది. మనం తప్పు చేస్తే, ఎదుటివాడికి మన పేరు కూడా తెలియదు. కాబట్టి చేయకండి.

నేనే చేశాను.

ఒక మధ్యాహ్నం, మా ఏజెన్సీ కాపలా కాసే బంగారం కొట్టులో ఉంగరం కనిపించలేదు. కౌంటరు దగ్గర పులివెందుల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఆయనకు కాబోయే వియ్యంకుడు ఉన్నారు. పెళ్లిళ్ల రోజులు, పోలీసులొస్తే గిరాకీ పోతుందని యజమాని గొణిగాడు. మా యూనిఫారం ఖాకీకి దగ్గరి రంగు. జనం కాస్త భయపడాలని ఆ రంగు ఎంచింది నేనే.

"స్టేషన్ నుంచి వచ్చినా. చొక్కా ఇప్పు పెద్దాయనా," అన్నాను.

వియ్యంకుడు నవ్వాడు. "ఏం బావా, పెండ్లి చొక్కాకు ఈడనే కొలతలిస్తాండావా?"

పెద్దాయన నవ్వలేదు. "పోలీసాయన అడుగుతాండాడు కాబట్టి ఇప్పుతాండా అప్పా. ఇంకెవుడన్నా అయ్యింటే చెంప పగిలేది."

ఆయన దగ్గర ఏమీ లేదు. సాయంత్రం ఉంగరం ట్రేలోని మఖమల్ గుడ్డ కింద దొరికింది. యజమాని దాన్ని మళ్లీ అద్దాల బీరువాలో పెట్టాడు. పెద్దాయనకు గానీ, వియ్యంకుడికి గానీ మేం కబురు పంపలేదు.

కొన్నాళ్లకు ఆ వియ్యంకుడు వేరే సంబంధానికి నగలు కొనడానికి వచ్చాడు. నేను మామూలు బట్టల్లో, నిచ్చెన మీద, వీపు అటు తిప్పి కెమెరా సరిచేస్తున్నాను.

"ఆ పెద్దాయన స్టేషన్‌కు పోయి ఆ పోలీసు మీద చెప్పినాడంట," అన్నాడు యజమానితో. "మేమెవర్నీ పంపలేదన్నారంట వాళ్లు. శానా బాగుంది! ఈ కండ్లతో చూడలే నేను పోలీసును? అసలు పోనేలేదు ఆయన. తప్పు లేనోడైతే పోడా? ఆ సంబంధం వద్దనుకున్యాం."

పెద్దాయన నిజంగానే వెళ్లాడని నాకు తెలుసు; యజమానికీ తెలిసే ఉండాలి, గిరాకీ ముందు బయటపెట్టడు. స్టేషన్‌లో వాళ్లు చెప్పగలిగింది ఆ మాటే, అదే నిజం. నాలుగు మెట్లు దిగి, ఒక్క మాట చెబితే చాలు. ఎందుకు దిగలేదు? ఉద్యోగం పోతుందనా? అది తర్వాతి సంగతి. అడిగేవాళ్లు లేని తప్పు చేయడం ఎంత సుఖమో నాకు అప్పటికే తెలిసిపోయింది, ఆ సుఖాన్ని వదులుకోలేకపోయాను.

క్షమించమని అడగడం లేదు. ఇది చదివితే తెగిన సంబంధం అతకదు. కానీ ఆయన స్టేషన్‌కు వెళ్లాడు. ఉన్నదే చెప్పాడు. ఆయన చొక్కా విప్పించిన మనిషి నిజంగానే ఉన్నాడు.

నేనే. ఇన్నేళ్లూ నోరు దాటని మాట ఇది. రాసేశాను.